యాంజియోగ్రామ్ బల్ల ఎక్కకముందు, దిగాక: నా అనుభవం

యాంజియోగ్రామ్ వేరు, యాంజియోప్లాస్టీ వేరు. మొదటిది గుండె రక్తనాళాల్లో అడ్డు ఎక్కడుందో చూసే పరీక్ష. రెండోది ఆ అడ్డును బెలూన్‌తో తెరిచి, మళ్లీ మూసుకోకుండా స్టెంట్ అనే చిన్న లోహపు జాలీ గొట్టం వేసే వైద్యం. రెండూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద, చేతిలో దూర్చిన ఒకే గొట్టం గుండా జరిగిపోతాయి గనక చాలామందికి రెండూ ఒకటే అనిపిస్తుంది. ఈ మధ్యే రెండూ చేయించుకుని ఇంటికొచ్చాను. మొత్తం వ్యవహారంలో అసలు నిర్ణయం ఆ రెంటికీ మధ్య ఉండే కాసేపట్లో జరుగుతుంది. అప్పటికి మనం బల్ల మీద వెల్లకిలా పడుకుని, కొంచెం మత్తులో ఉంటాం. కాగితం చదివే పరిస్థితి ఉండదు. అడగాల్సినవన్నీ బల్ల ఎక్కకముందే అడిగేసుకోవాలి.

ఇదంతా నిలకడగా ఉన్న గుండెనొప్పి సంగతి. అంటే నడిస్తే వచ్చి, ఆగితే నాలుగైదు నిమిషాల్లో తగ్గిపోయేది. ఊరికే కూర్చున్నప్పుడు ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, ఐదు నిమిషాలైనా వదలకపోతే డాక్టర్‌ని వెతుక్కునే పనే లేదు, వెంటనే అంబులెన్స్ పిలవాలి. గుండెపోటులో పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని ఆసుపత్రి గుమ్మం తొక్కిన 90 నిమిషాల్లోపు తెరవాలన్నది లక్ష్యం. అక్కడ రెండో అభిప్రాయాలకీ బేరసారాలకీ సమయం ఉండదు.

మొదటి డాక్టర్ దగ్గర ఎక్కువసేపు నడిచింది ప్రశ్నలే. నొప్పి ఎంత దూరం నడిస్తే వస్తోంది, ఎత్తు ఎక్కేటప్పుడా, భోజనం చేసి నడిస్తేనా, దవడకో ఎడమ చేతికో పాకుతోందా, ఆగితే ఎంతసేపట్లో తగ్గుతోంది, నెల కిందటికంటే ఇప్పుడు తక్కువ దూరానికే వస్తోందా. ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. దూరం తగ్గుతూ వస్తుంటే జబ్బు నిలకడగా లేదన్నమాట, అప్పుడు పనులన్నీ త్వరగా జరగాలి. జవాబులు ముందే కాగితం మీద రాసుకెళ్తే డాక్టర్ గదిలో తడబాటు ఉండదు. వేలితో ఒకచోట చూపించి ఇక్కడే పొడుస్తోంది అనేదానికంటే, అరచేయి ఛాతీ మీద పెట్టి ఇక్కడంతా బరువుగా ఉంది అనేదాన్నే డాక్టర్లు ఎక్కువ పట్టించుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి లేకుండా ఒట్టి ఆయాసమే ఉండొచ్చు.

తర్వాత పరీక్షలు. విశ్రాంతిలో తీసిన ఈసీజీ మామూలుగా ఉందంటే నాళాలు బాగున్నాయని కాదు, ఆ క్షణంలో గుండెకు రక్తం చాలుతోందని మాత్రమే. టూడీ ఎకో గుండె పంపింగ్ ఎలా ఉందో చూపిస్తుంది, బ్లాకుల్ని నేరుగా చూపించదు. నడిచే బెల్టు మీద చేసే టీఎంటీ పరీక్షలో మూడు నిమిషాలకోసారి బెల్టు వేగమూ ఏటవాలూ పెరుగుతాయి. 220లోంచి వయసు తీసేసి, మిగిలినదాంట్లో 85 శాతం దాకా గుండె వేగం చేరాలి. 60 ఏళ్ల మనిషికి అది నిమిషానికి 136. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వేసుకుని వెళ్తే అంత వేగం రాకుండానే అలసిపోతాం, పరీక్ష ఎటూ తేలకుండా ముగుస్తుంది. మాత్ర ఆపాలా వద్దా అన్నది ముందురోజే అడగాలి, సొంతంగా ఆపకూడదు. టీఎంటీ బదులు, స్కానింగ్‌తో నాళాల బొమ్మ తీసే సీటీ యాంజియో రాసేవాళ్లూ ఉన్నారు. అందులోనూ గుండె నెమ్మదిగా కొట్టుకుంటేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది కాబట్టి అక్కడే మాత్ర ఇచ్చి కూర్చోబెడతారు. నాళాల్లో సున్నం (కాల్షియం) ఎక్కువగా పేరుకుని ఉంటే సీటీలో బ్లాకు అసలుకంటే పెద్దదిగా కనిపిస్తుంది. సీటీ రిపోర్టు చూసి హడలిపోయి, అసలు యాంజియోగ్రామ్‌లో అంత లేదని తేలినవాళ్లు ఉన్నారు.

ఇక డాక్టర్‌ని ఎంచుకోవడం. బోర్డు మీద కార్డియాలజిస్టు అని ఉన్నంత మాత్రాన అందరూ స్టెంట్లు వేసేవాళ్లు కారు. మందులతో చూసేవాళ్లు వేరు, గుండె లయ తప్పే జబ్బులు చూసేవాళ్లు వేరు, గొట్టాలతో నాళాలు తెరిచే ఇంటర్వెన్షనల్ కార్డియాలజిస్టులు వేరు, ఛాతీ తెరిచి బైపాస్ చేసే సర్జన్లు వేరు. మందులతో చూసే ఒక డాక్టర్‌ని పట్టుకుని, ఆయన ద్వారా స్టెంట్ వేసే డాక్టర్ దగ్గరికి వెళ్లడం నాకు నచ్చిన దారి. స్టెంట్ వేయాలా వద్దా అని చెప్పే మనిషీ, వేసే మనిషీ వేరువేరుగా ఉంటే మన మనసుకి నిదానం.

స్టెంట్ వేసే డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడాల్సినవేమీ లేవు. ఏడాదికి మీరు స్వయంగా ఎన్ని యాంజియోప్లాస్టీలు చేస్తారు? అమెరికా గుండె వైద్య సంఘాలు 2013లో పెట్టుకున్న కనీసపు లెక్క డాక్టర్‌కి ఏడాదికి 50, ఆసుపత్రికి 200. బాగా నడిచే చోట అంతకంటే ఎక్కువే ఉంటాయి. నా కేసు మీరే చేస్తారా, మీ పేరు మీద ఇంకొకరా? ఎక్కువగా మణికట్టు నుంచే చేస్తారా? రక్తనాళం లోపల పీడనం కొలిచే ఎఫ్ఎఫ్ఆర్ తీగ, నాళం లోపల్నుంచి బొమ్మ తీసే ఐవస్ గానీ ఓసీటీ గానీ ఈ గొట్టాల పని జరిగే మీ క్యాథ్ ల్యాబ్‌లో వాడతారా? బైపాస్ సర్జన్ అదే ఆసుపత్రిలో అందుబాటులో ఉంటారా? రాత్రిపూట ఏదైనా తేడా వస్తే క్యాథ్ ల్యాబ్ నడుస్తుందా? ఈ ప్రశ్నలకి చిరాకు పడే డాక్టర్ తర్వాత ఫోన్ ఎత్తుతాడన్న నమ్మకం నాకైతే లేదు. నేను ఖాయం చేసుకున్నాయన తన లెక్కలు చెప్పి, నన్నే ఎదురు అడిగాడు: “ఏడాదిపాటు రోజూ రెండు మాత్రలు మానకుండా వేసుకోగలరా? ఈలోపు ఏదైనా ఆపరేషన్ పెట్టుకున్నారా?” ఆ ప్రశ్నతోనే నమ్మకం కుదిరింది, ఎందుకో కిందకి వెళ్లాక తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. నాకు స్టెంట్ దేనికోసం? 2020లో వెలువడిన ఇస్కీమియా అనే పెద్ద పరిశోధనలో 5,179 మందిని చూశారు. నిలకడగా ఉన్న గుండెజబ్బులో మంచి మందులు వాడుతూ ఉంటే, మొదట్లోనే స్టెంటో బైపాసో చేసినందువల్ల ప్రాణాపాయం తగ్గినట్టు అందులో తేలలేదు. నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం నొప్పి బాగా తగ్గింది. గుండెకు ఎడమవైపు రక్తం మొత్తం తీసుకెళ్లే లెఫ్ట్ మెయిన్ నాళంలో పెద్ద అడ్డు ఉన్నవాళ్లనూ, పంపింగ్ బాగా పడిపోయినవాళ్లనూ ఆ పరిశోధనలో చేర్చుకోలేదు, వాళ్ల సంగతి వేరు. అంటే మందులు వేసుకుంటున్నా నొప్పి రోజువారీ పనులకి అడ్డం పడుతుంటే స్టెంట్‌కి అర్థం ఉంది. నొప్పే లేని మనిషికి ‘ఎందుకైనా మంచిది’ అని వేస్తామంటే మరో డాక్టర్‌కి చూపించుకునే తీరిక ఉంది, చూపించుకోవాలి. షుగర్ ఉండి, మూడు నాళాల్లోనూ బ్లాకులుంటే చాలామందికి స్టెంట్లకంటే బైపాసే ఎక్కువకాలం మేలు చేస్తుంది. ఆ మాట స్టెంట్ డాక్టర్ తనంతట తాను ఎత్తాడా లేదా అన్నది గమనించండి.

ఇక ఒప్పుదల కాగితం. నా ముందు పెట్టినదాంట్లో యాంజియోగ్రామ్, అవసరమైతే యాంజియోప్లాస్టీ అని రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇది తప్పేం కాదు. ఒకే సిట్టింగ్‌లో అయిపోతే గొట్టం ఒక్కసారే దూరుస్తారు, నాళాలు కనిపించడానికి ఎక్కించే డై, ఖర్చు, బెంగ అన్నీ ఒక్కసారితో పోతాయి. కానీ ‘అవసరమైతే’ అన్నదానికి హద్దు మనమే చెప్పి పెట్టుకోవాలి. నేను చెప్పినది ఇది: ఒక నాళంలో స్పష్టంగా 70 శాతం దాటిన అడ్డు ఉంటే అక్కడికక్కడే వేసేయండి. 50కీ 70కీ మధ్య ఉంటే ఎఫ్ఎఫ్ఆర్ కొలిచి, 0.80 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తేనే వేయండి. లెఫ్ట్ మెయిన్‌లో ఉన్నా, మూడు నాళాల్లో ఉన్నా గొట్టం తీసేసి బయటికి పంపండి, సర్జన్‌తో మాట్లాడాక నిర్ణయించుకుంటాం. డాక్టర్ ఆ మాటలు కేస్ షీట్‌లో రాసుకున్నాడు. బయట కూర్చునే ఇంట్లోవాళ్లకి కూడా ఇదే చెప్పి ఉంచాలి. మధ్యలో వాళ్లని లోపలికి పిలిచి తెర మీద బ్లాకు చూపించి సంతకం అడుగుతారు. ఆ నలుపు తెలుపు బొమ్మ ముందు నిలబడితే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి, వద్దనే ధైర్యం ఎవరికీ ఉండదు.

ముందురోజు పనులు కొన్ని. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే డై కిడ్నీల గుండానే బయటికి పోవాలి. క్రియాటినిన్ ఎక్కువుంటే ముందుగా సెలైన్ ఎక్కించి, డై వీలైనంత తక్కువ వాడతారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగాలి. గతంలో స్కానింగ్ డైకి దద్దుర్లు వచ్చి ఉంటే ఆ సంగతి ఒకరికి కాదు, అడిగిన ప్రతివాళ్లకీ చెప్పాలి. కొన్ని గంటలు ఏమీ తినొద్దంటారు, బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ 300 మి.గ్రా., దాంతోపాటు క్లోపిడోగ్రెల్ 300 గానీ 600 గానీ ఒకేసారి ఇస్తారు. అన్నేసి మాత్రలు చేతిలో పోస్తే కంగారు పడొద్దు, ఆ మోతాదు ఆ ఒక్కసారికే. చేసేది మణికట్టు నుంచే అయినా గజ్జల్లో కూడా వెంట్రుకలు తీసేస్తారు. చేతి నాళం సన్నగా ఉన్నా, మెలికలు తిరిగి ఉన్నా, ముడుచుకుపోయినా తొడ నాళంలోకి మారాల్సి వస్తుంది గనక అది ముందు జాగ్రత్త.

క్యాథ్ ల్యాబ్ చాలా చల్లగా ఉంటుంది, యంత్రాలు వేడెక్కకుండా. బల్ల ఇరుకు, గట్టి. నడుంనొప్పి ఉంటే మోకాళ్ల కింద చిన్న దిండు అడగండి, ఇస్తారు. మొదలయ్యాక కదలడానికి వీల్లేదు. మణికట్టు దగ్గర తిమ్మిరి సూది ఇచ్చేటప్పుడు చురుక్కుమని కొన్ని సెకన్లు మండుతుంది. సూదుల వరకూ చూసుకుంటే నాకు అన్నిటికన్నా నొప్పి అనిపించింది అదే. తర్వాత సుమారు 2 మిల్లీమీటర్ల లావు గొట్టం పోయే దారి వేస్తారు. నాళం బిగుసుకోకుండా లోపలికి ఒక మందు పంపితే మోచేతి దాకా వెచ్చగా, మంటగా అనిపిస్తుంది. గొట్టం భుజం దాటి గుండె దాకా వెళ్తున్నట్టు తెలియనే తెలియదు, నాళం లోపలి గోడకి స్పర్శ లేదు. చెయ్యి లోపల లాగుతున్నట్టు నొప్పి వస్తే మాత్రం ఓర్చుకుంటూ పడుకోకూడదు, చెప్పాలి. అది నాళం బిగుసుకుంటున్న గుర్తు, ఇంకొంచెం మందు ఇస్తే సడలుతుంది.

పెద్ద పళ్లెం లాంటి కెమెరా ఛాతీకి బాగా దగ్గరగా వచ్చి, పక్కకి తిరిగి, మళ్లీ వస్తుంది. గాలి పీల్చి పట్టుకోమంటారు, వదలమంటారు. డై పంపినప్పుడల్లా ఒంట్లో వెచ్చదనం పాకుతుంది. గుండె గదిలోకి ఎక్కువ డై పంపి తీసే బొమ్మ ఉంటే ఆ వెచ్చదనం పొత్తికడుపు దాకా దిగి, పక్క తడిసిందేమో అనిపిస్తుంది. తడవదు. ఈ పరీక్ష భాగం అంతా చాలా త్వరగా అయిపోతుంది. ఆ తర్వాత గదిలో ఒక నిశ్శబ్దం. డాక్టర్లు గాజు తలుపు అవతలికి వెళ్లి బొమ్మలు మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తుంటారు. నాకు భయం వేసింది అప్పుడే, గొట్టం పెట్టేటప్పుడు కాదు.

శాతాల గురించి ఒక మాట. 80, 90 అని రిపోర్టుల్లో రాసే అంకె చాలాసార్లు కంటితో చూసి వేసిన అంచనా. పక్కనున్న మంచి నాళంతో పోల్చి అంత సన్నబడిందని చెబుతారు. 90 అంటే ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకుంటారు గానీ 60 దగ్గర ఒకరి అంకె ఇంకొకరికి కుదరదు. ఎఫ్ఎఫ్ఆర్ అక్కడ పనికొస్తుంది. సన్నటి తీగ అడ్డు దాటించి, అటూ ఇటూ పీడనం కొలిచి, అడ్డు దాటాక అందులో ఎంత వంతు మిగిలిందో చూస్తారు. కొలిచేముందు అడినోసిన్ అనే మందు ఇస్తే ఛాతీ బిగుసుకుపోయి, ఊపిరి అందనట్టు అవుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. ముందే చెబితే ఫర్వాలేదు, చెప్పకపోతే గుండెపోటే వచ్చిందనుకుంటాం. నాకు గుండె ముందు భాగానికి వెళ్లే ఎల్ఏడీలో అడ్డు స్పష్టంగానే ఉంది, పక్క నాళంలోది మాత్రం అనుమానం. కొలిస్తే 0.80 కంటే పైనే వచ్చింది. దాన్ని వదిలేశారు. కొలవకపోయి ఉంటే రెండో స్టెంట్ పడేదేమో.

స్టెంట్ వేయడం ఇలా. జుట్టు పోచంత తీగ అడ్డు దాటి అవతలికి వెళ్తుంది. దాని మీదుగా చిన్న బెలూన్ వెళ్లి అడ్డును కొంత తెరుస్తుంది. తర్వాత ముడిచిన స్టెంట్ ఉన్న బెలూన్‌ను అక్కడ నిలిపి, పంపుతో ఉబ్బిస్తారు. స్టెంట్లు ఎక్కువగా వెడల్పు 2.25 నుంచి 4 మిల్లీమీటర్లు, పొడవు 8 నుంచి 40 పైచిలుకు మిల్లీమీటర్ల దాకా రకరకాల సైజుల్లో ఉంటాయి. “పన్నెండు... పధ్నాలుగు” అని అంకెలు వినిపిస్తాయి, అవి బెలూన్‌లోని పీడనం, వాతావరణ పీడనానికి అన్ని రెట్లు. బెలూన్ ఉబ్బి ఉన్న ఆ పది ఇరవై సెకన్లు నాళంలో రక్తం పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి మనకి తెలిసిన అదే నొప్పి మళ్లీ వస్తుంది. బెలూన్ దించగానే పోతుంది. పోకపోతే వెంటనే చెప్పాలి. అందుకే మనల్ని పూర్తిగా నిద్రపుచ్చరు.

స్టెంట్ వేశాక గట్టి బెలూన్‌తో మరోసారి నొక్కి, గోడకి సరిగా అతుక్కుందో లేదో ఐవస్‌తో చూశారు. స్టెంట్ పూర్తిగా విచ్చుకోకపోతే అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదమూ, మళ్లీ మూసుకుపోయే అవకాశమూ పెరుగుతాయి. సున్నం గట్టిగా ఉన్న నాళంలో బెలూన్ ఎంత ఉబ్బించినా తెరుచుకోదు. అప్పుడు సున్నాన్ని అరగదీసే రోటాబ్లేషన్ గానీ, తరంగాలతో పగలగొట్టే లిథోట్రిప్సీ గానీ వాడతారు. వాటికి బిల్లు వేరు.

బిల్లు విషయంలో ముందే అడగాల్సింది ఇదే. ప్యాకేజీ అంటే ఎన్ని స్టెంట్లకి? ఎఫ్ఎఫ్ఆర్ తీగ, ఐవస్ గొట్టం, అదనపు బెలూన్లు అందులో ఉన్నాయా? ఇన్సూరెన్స్ అనుమతి ఒట్టి యాంజియోగ్రామ్‌కే తీసుకున్నారా, యాంజియోప్లాస్టీకి కూడానా? పరీక్షకి మాత్రమే అనుమతి ఉంటే, లోపల గొట్టం ఉండగా బయట ఇంట్లోవాళ్లు కౌంటర్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

బయటికి తెచ్చాక మణికట్టుకి గాలి నింపిన బ్యాండ్ వేస్తారు. వేళ్లు కాస్త నీలంగా, తిమ్మిరిగా ఉంటాయి. కొన్ని గంటల్లో కొంచెం కొంచెంగా గాలి తీస్తారు. తొందరపడి తీస్తే రక్తం చిమ్ముతుంది, మళ్లీ మొదటికొస్తుంది. తొడ నుంచి చేస్తే అన్ని గంటలూ కాలు చాపుకునే పడుకోవాలి. అలాంటివాళ్లకి తర్వాత నడుంలో కొత్తగా నొప్పి, కళ్లు తిరగడం ఉంటే లోపల రక్తం కారుతోందేమో చూడమని నర్సుని పిలవాలి. సెలైనూ డైయూ కలిసి మూత్రం అస్తమానం వస్తుంది, డబ్బా దగ్గర పెట్టమనండి. చనిపోవడం, పక్షవాతం, అత్యవసర బైపాస్ లాంటి పెద్ద ప్రమాదాలు ముందే అనుకుని చేసే యాంజియోప్లాస్టీలో ఒక్కొక్కటీ నూటికి ఒకటి లోపే. మణికట్టు చుట్టూ కమిలిపోవడం మాత్రం మామూలే. నా చేయి వారం పాటు పసుపూ ఊదా రంగుల్లో ఉంది. ఆ చేత్తో కొన్నాళ్లు బరువులెత్తకూడదు. వాపు పెరుగుతుంటే, వేళ్లు చల్లబడితే ఆలస్యం చేయకూడదు.

డిశ్చార్జ్ రోజు మూడు కాగితాలు అడిగి తీసుకోవాలి. యాంజియోగ్రామ్ సీడీ మొదటిది. రిపోర్టు చాలదు, రెండో అభిప్రాయం చెప్పే డాక్టర్ చూసేది బొమ్మనే. స్టెంట్ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న కార్డు రెండోది. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సి వస్తే ఆ కార్డే చూపించాలి. ఏ మాత్ర ఎన్నాళ్లో తేదీ వేసి రాసిన కాగితం మూడోది.

ఆ మూడోదాని గురించే డాక్టర్ మొదట్లో నన్ను అడిగింది. స్టెంట్ లోహం మీద శరీరం కొత్త పొర వేసుకునేదాకా దాని మీద రక్తం గడ్డకట్టకుండా ఆపేది మాత్రలే. ఆస్పిరిన్ 75 మి.గ్రా.తో పాటు క్లోపిడోగ్రెల్ 75 రోజుకి ఒకటి, లేదా టికాగ్రెలార్ 90 రోజుకి రెండుసార్లు. నిలకడగా ఉన్న జబ్బులో రెండు మాత్రలూ కలిపి మామూలుగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవాళ్లకి ఏడాది, రక్తస్రావం భయం ఉంటే ఇంకా తక్కువ. నాకు ఏడాది అనుకుని, ఆరు నెలలకి మళ్లీ చూద్దామన్నారు. మధ్యలో మానేస్తే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు, అది పెద్ద గుండెపోటే. పన్ను పీకించుకోవడానికి వెళ్తే పళ్ల డాక్టర్ ‘రక్తం పల్చబడే మాత్ర ఆపి రండి’ అంటే, గుండె డాక్టర్‌కి ఫోన్ చేయకుండా ఆపకూడదు. వాయిదా వేయగల ఆపరేషన్లు స్టెంట్‌కి ముందే చేయించుకోవడమో, తర్వాతకి నెట్టడమో చేయాలి. టికాగ్రెలార్‌తో కొందరికి ఉత్తినే ఆయాసంగా ఉంటుంది, గుండెది అనుకుని భయపడతారు. అది మందు ప్రభావమే కావచ్చు, డాక్టర్ మార్చి ఇస్తాడు. క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లు కడుపు మంటకి ఒమెప్రజోల్ సొంతంగా కొనుక్కోవద్దు, దాని పని తగ్గిస్తుంది. పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది అంతగా లేదు.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు ఒంటికంటే మనసే ఎక్కువ సతాయించింది. ఛాతీలో చీమ కుట్టినా స్టెంటే అనిపించేది. వేలితో చూపించగలిగే చిన్న పోట్లు కొత్తల్లో చాలామందికి వస్తాయట, నాళం సాగినందువల్ల. పాత నొప్పి పాత పద్ధతిలోనే, నడిచినప్పుడు వచ్చి ఆగితే తగ్గేలా తిరిగొస్తే మాత్రం వెళ్లి చూపించుకోవాలి. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర జేబులో ఉంచుకున్నాను. కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలు వాడేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఐదు నిమిషాలైనా తగ్గకపోతే అంబులెన్సే.

మొదటి రివ్యూలో మణికట్టు దగ్గర నాడి చూశారు, మూసుకుపోలేదు. కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మళ్లీ చూడాలి, 70 కంటే తక్కువ, వీలైతే 55 దాకా దించాలన్నారు. స్టెంట్ వేసింది ఒక్క అడ్డుకే, ఎఫ్ఎఫ్ఆర్ కొలిచి వదిలేసిన రెండోది ఇంకా అక్కడే ఉంది. దాన్ని చూసుకోవాల్సింది ఆ మాత్రే.